నిర్వహణ అంటే ఏ నిర్వహణ? నెట్‌వర్క్ మాటలకు అర్థాలు



మాట ఒకటే అయినంత మాత్రాన అర్థం ఒకటి కాదని సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగులో "అవసరం" అంటే కావలసి ఉండడం. అదే మాటకు కన్నడంలో, తమిళంలో తొందర అని అర్థం. "అవసరం లేదండీ" అని మనం వద్దంటే, పక్కింటి తమిళం వారికి "తొందర లేదు, నిదానంగా ఇవ్వండి" అన్నట్టు వినిపిస్తుంది. ఇక ఒడిశాలో ఉన్న మన శ్రోతలకు "శిక్ష" సంగతి తెలుసు. అక్కడ పిల్లల్ని బడికి పంపేదే శిక్ష కోసం. ఒడియాలో శిక్ష అంటే చదువు!

ఇలాంటి చిక్కే ఫోన్లను, ఇంటర్నెట్‌ను నడిపే ఇంజనీర్లకూ వచ్చింది. వారు దాన్ని ఎలా సరిదిద్దుకున్నారో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

ముందుగా మా బడిలో జరిగిన ఒక సంగతి. ఆ రోజు ఒక పరీక్షకు దరఖాస్తులు పంపడానికి ఆఖరి రోజు. పదకొండు మంది పిల్లలు కంప్యూటరు చుట్టూ నిలబడ్డారు. పేజీ తెరుచుకోదు. కనెక్షన్ ఇచ్చినవారికి ఫోన్ చేస్తే, "లైను చూశాం సార్, బాగానే ఉంది" అన్నారు. "బాగా లేదు" అన్నాను నేను. గంటన్నర ఇదే వాదం. చివరకు తేలిందేమంటే, వారు పరీక్షించింది మా బడి నుంచి ఎక్స్ఛేంజీ వరకు ఉన్న తీగను. చెడినది ఎక్స్ఛేంజీకి అవతల. అంటే ఇద్దరం నిజమే చెప్పాం. "లైను" అన్న మాటను ఇద్దరం రెండు విధాలుగా అర్థం చేసుకున్నాం. ఇద్దరు పిల్లల దరఖాస్తులు ఆ రోజు వెళ్లనే లేదు.

నెట్‌వర్క్ రంగంలో "ఓ.ఏ.ఎం." అనే పొట్టి మాట ఒకటి ఉంది. ఈ మూడు అక్షరాలను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా విడదీసేవారు. చివరి "ఎం" కొందరికి మెయింటెనెన్స్, కొందరికి మేనేజ్‌మెంట్. పత్రం రాసినవారు ఒకటి అనుకుంటే, చదివినవారు మరొకటి అనుకునేవారు. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్‌ఫోర్స్ 2011 జూన్‌లో ఆర్.ఎఫ్.సి. 6291 అనే పత్రంలో దీనికి ఒక కట్టడి చేసింది. ఓ.ఏ.ఎం. అంటే ఆపరేషన్స్, అడ్మినిస్ట్రేషన్, మెయింటెనెన్స్. మేనేజ్‌మెంట్‌ను కూడా కలిపి చెప్పాలంటే "ఓ అండ్ ఎం" అని వేరే మాట వాడాలి.

ఈ మూడింటినీ తెలుగులోకి తెద్దామంటే మనకు మరో ఇబ్బంది. ఆపరేషన్ అన్నా నిర్వహణే, మెయింటెనెన్స్ అన్నా నిర్వహణే, మేనేజ్‌మెంట్ అన్నా నిర్వహణే! కన్నడంలోనూ "నిర్వహణె" ఇలాగే చాలా పనులకు సరిపోతుంది. అందుకని మన ఊరి మంచినీటి పథకంతో పోల్చి చూడండి.

రోజూ మోటారు వేసి, నీళ్లు వస్తున్నాయా లేదా అని కనిపెట్టుకుని ఉండడం ఆపరేషన్స్. దీన్ని "నడపడం" అందాం. ఊరివాళ్లు బిందెలు పట్టుకుని రాకముందే తేడా కనిపెట్టగలిగితే అది మంచి నడక. ఎన్ని గొట్టాలున్నాయి, ఎన్ని కుళాయిలున్నాయి, ఎవరెంత వాడుతున్నారు అని పద్దు రాసుకోవడం అడ్మినిస్ట్రేషన్. దీన్ని "లెక్కచూడడం" అందాం. పగిలిన గొట్టం మార్చడం, పగలకముందే పాతదాన్ని తీసి కొత్తది వేయడం మెయింటెనెన్స్. ఇది "బాగుచేత". మరి కొత్త ఇంటికి కుళాయి ఇవ్వడం? దాని పేరు ప్రొవిజనింగ్. అది ఈ మూడింటిలో చేరదు. ఉన్న సేవను నిలబెట్టేది ఓ.ఏ.ఎం., కొత్త సేవకు ఏర్పాటు చేసేది ప్రొవిజనింగ్. కొత్త కనెక్షన్ అడిగినవారిని బాగుచేత విభాగానికి పంపితే పని ఎందుకు కాదో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఇక చెడిపోవడంలోనూ మెట్లున్నాయి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణాలు వీటిని విడదీసి చెబుతాయి. దీపం ఒక్కసారి మినుకుమంటే అది "తేడా". పుస్తకం చదవడానికి వీల్లేనంతగా మాటిమాటికీ మినుకుతుంటే అది "లోపం". ఆ స్థితి సర్దుకోకుండా సాగి, ఇక దీపం లేనట్టే అనుకోవలసి వస్తే అది "వైఫల్యం". కొన్ని ఇతర ప్రమాణాలు ఈ తేడాలు పాటించవు, అన్నింటికీ ఒకే అర్థం. కాబట్టి ఏ పత్రం చదువుతున్నామో చూసుకుని అర్థం చెప్పుకోవాలి.

తనిఖీల్లోనూ రెండు రకాలు. చిత్తూరులో బయలుదేరిన బస్సు బెంగుళూరు చేరిందా అని చూడడం ఒకటి. అది పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా, వెళ్లవలసిన దారినే వెళ్లిందా అని చూడడం మరొకటి. మొదటిది కంటిన్యుయిటీ చెక్, రెండోది కనెక్టివిటీ వెరిఫికేషన్. ఎంత దూరం తనిఖీ చేశారన్నది ఇంకో ప్రశ్న. 2004లో వచ్చిన 802.3 ఏహెచ్ అనే ప్రమాణం రెండు పరికరాల మధ్య ఉన్న ఒక్క లంకెను చూస్తుంది. 2007 నాటి 802.1 ఏజీ ఈథర్‌నెట్ సేవను ఈ చివర నుంచి ఆ చివర వరకు చూడగలదు. మా బడిలో జరిగింది మొదటి రకం తనిఖీ. కావలసింది రెండోది.

కొలిచే పద్ధతులకు 2016లో ఆర్.ఎఫ్.సి. 7799 పేర్లు స్థిరపరిచింది. తపాలా ఎంత వేగంగా వెళుతోందో తెలుసుకోవాలనుకోండి. పరీక్ష కోసమే ఒక ఖాళీ కవరు పంపి చూడడం యాక్టివ్ పద్ధతి. 1983లో పుట్టిన "పింగ్" చేసేది ఇదే. ఏమీ పంపకుండా, వెళ్లే ఉత్తరాలను ఊరికే గమనించడం పాసివ్. జనం ఉత్తరాల మీదే ఒక్కొక్క ఆఫీసులో వేళ ముద్ర వేయడం వంటిది ఈ రెండింటికీ మధ్యస్థం, హైబ్రిడ్. 2022లో ఆర్.ఎఫ్.సి. 9197గా వచ్చిన "ఇన్ సీటు" ఓ.ఏ.ఎం. ఈ ముద్ర పద్ధతే. దీన్ని మొదట్లో "ఇన్‌బ్యాండ్" అనేవారు. కానీ ఆ మాట విని, పరీక్ష కవరు మామూలు ఉత్తరాల దారినే వెళ్లడం అని అనుకునేవారూ ఉన్నారు. ఇప్పుడున్న పేరులో ఆ తికమక లేదు.

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అంటారేమో. మన పిల్లలు డిప్లొమాలు చదివి బెంగుళూరు, చెన్నై, పుణె నగరాల్లో నెట్‌వర్క్ కేంద్రాల్లో రాత్రింబగళ్లు కూర్చుంటున్నారు. నాలుగు భాషలవాళ్లు ఒకే గదిలో పనిచేసే చోట, పక్కవాడి మాట సరిగా అర్థం కాకపోతే ఒక జిల్లా మొత్తానికి ఫోన్లు ఆగవచ్చు. మనకు కూడా, ఇంటర్నెట్ రాక ఫిర్యాదు చేసేటప్పుడు మూడు ప్రశ్నలు పనికొస్తాయి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చూశారు? చేరిందని మాత్రమే చూశారా, సరైన దారిలో చేరిందని చూశారా? ఇది మినుకుమనడమా, ఆరిపోవడమా?

ఆ రోజు నేను ఆ మొదటి ప్రశ్న అడిగి ఉంటే, గంటన్నర వాదం పది నిమిషాల్లో తేలిపోయేది. ఆ ఇద్దరు పిల్లల దరఖాస్తులూ వేళకు చేరేవేమో. "బాగానే ఉంది" అని ఎవరైనా అన్నప్పుడు, ఏది బాగుందో ఒక్కసారి అడిగి తెలుసుకోండి.