ఒక్క షాట్ తేడా: మహిళల గోల్ఫ్ పోటీని అంకెలతో చూద్దాం

2021 ఆగస్టు 7న నీరజ్ చోప్రా బల్లెం విసిరి స్వర్ణం తెచ్చిన సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. అదే రోజు పొద్దున, మన మదనపల్లెకు పొరుగునే ఉన్న బెంగళూరులో పుట్టి పెరిగిన అదితి అశోక్ టోక్యో ఒలింపిక్స్ గోల్ఫ్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కంచు పతకానికి ఒక్క షాట్ వెనక. గోల్ఫ్ ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆ పొద్దున టీవీ పెట్టుకున్నారు. కానీ తెర మీద మారుతున్న అంకెలు ఏం చెబుతున్నాయో చాలామందికి అందలేదు. అవి అందితే ఈ ఆటను వదలబుద్ధి కాదు.

తక్కువ స్కోరు వచ్చినవాళ్లు గెలవడమేమిటి? ముందు ఇది తేలాలి. మైదానంలో 18 గుంతలుంటాయి. ఒక్కో గుంతలో బంతి వేయడానికి మంచి క్రీడాకారులకు ఎన్ని షాట్లు చాలునో ముందే లెక్కగట్టి పెడతారు. దాన్ని పార్ అంటారు. గుంతను బట్టి అది 3, 4 లేదా 5. టోక్యో పోటీ జరిగిన కసుమిగసెకి మైదానంలో 18 గుంతలకు కలిపి పార్ 71, అంటే నాలుగు రోజులకు 284. అదితి వరుసగా 67, 66, 68, 68 ఆడింది. మొత్తం 269. పార్ కన్నా 15 తక్కువ కాబట్టి బోర్డు మీద ఆమె పేరు పక్కన మైనస్ 15 అని కనిపించింది.

అమెరికాకు చెందిన నెల్లీ కోర్డా 267తో స్వర్ణం గెలిచింది. జపాన్ క్రీడాకారిణి మోనె ఇనామి, న్యూజిలాండ్‌కు చెందిన లిడియా కో ఇద్దరూ 268 దగ్గర ఆగారు. సమానంగా ఉన్నవాళ్లను విడదీయడానికి అదనంగా ఆడించే గుంతను ప్లేఆఫ్ అంటారు. అందులో ఇనామికి వెండి, కోకు కంచు దక్కాయి. అదితి ఇంకొక్క షాట్ తగ్గించి ఉంటే పతకం చేతికి వచ్చేసేదా? అప్పటికీ రాదు. రెండు పతకాల కోసం ముగ్గురు ప్లేఆఫ్ ఆడేవారు. నాలుగు రోజులు ఆడాక మిగిలిన తేడా అంతే.

ఒక గుంతను పార్ కన్నా ఒక షాట్ తక్కువలో ముగిస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. వ్యాఖ్యానం వినడానికి మొదట్లో ఈ మూడు మాటలు చాలు.

ఇక నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. టోక్యోలో ఆడిన 60 మందిలో బంతిని దూరం కొట్టడంలో అదితి దాదాపు అట్టడుగున ఉంది. ఆ ఏడాదే కోవిడ్ బారిన పడి కోలుకుంది, ఒంట్లో మునుపటి బలం లేదు. అయినా నాలుగో స్థానం ఎలా వచ్చింది? 220 గజాల షాట్ ఒకటే, గుంత పక్కన మూడడుగుల దూరం దొర్లించినా ఒకటే. లెక్కలో రెండూ సమానం. గుంతకు చేరువగా నున్నగా కత్తిరించిన పచ్చిక మీద బంతిని దొర్లించడాన్ని పటింగ్ అంటారు. అగ్రశ్రేణి క్రీడాకారిణి రోజుకు ఆడే 70 షాట్లలో సుమారు 30 ఇవే. గుంత వెడల్పు 4.25 అంగుళాలు. బంతి మన మార్కెట్ యార్డులో ఏరి పక్కన పడేసే చిన్న టమోటా అంత, 46 గ్రాములు దాటదు. ఆ వారం పటింగ్‌లో అదితికి సాటి లేదు. బలం తగ్గినచోట ఓపికతో, చూపుతో పూడ్చుకున్న ఆట అది.

పోటీ మధ్యలో సగం మంది పేర్లు మాయమవుతాయి, కంగారు పడకండి. దాన్ని కట్ అంటారు. వంద దాటిన క్రీడాకారిణులతో మొదలయ్యే నాలుగు రోజుల పోటీల్లో రెండో రోజు సాయంత్రానికి ఒక గీత గీస్తారు. అమెరికా మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో మామూలుగా మొదటి 65 స్థానాల్లో ఉన్నవాళ్లు, వారితో సమానమైనవాళ్లు మిగులుతారు. ఒలింపిక్స్‌లో ఈ గీత ఉండదు. బోర్డు మీద పేరు పక్కన థ్రూ 12 అని ఉంటే ఆ రోజు 12 గుంతలు ముగించిందని అర్థం. పైనున్న ఆమెకు రెండు గుంతలే మిగిలి, కిందున్న ఆమెకు పది మిగిలి ఉంటే, ఆ వరుసను ఇంకా నమ్మకూడదు.

గీత కింద పడినవాళ్లకు సాధారణంగా బహుమతి సొమ్ము రాదు. టికెట్లు, హోటలు, బ్యాగు మోస్తూ సలహా ఇచ్చే క్యాడీ జీతం మాత్రం తప్పవు. రియో ఒలింపిక్స్‌లో అదితికి క్యాడీ తండ్రి, టోక్యోలో తల్లి. 2024లో గురుగ్రామ్‌లో జరిగిన మహిళల ఇండియన్ ఓపెన్‌లో మొత్తం సొమ్ము 4 లక్షల డాలర్లు, విజేతకు 60 వేలు. డాలరుకు 85 రూపాయల లెక్కన 51 లక్షలు. అదే ఏడాది అమెరికా మహిళల ఓపెన్ గెలిచిన యూకా ససోకు 24 లక్షల డాలర్లు, అంటే 20 కోట్లు పైమాటే. సరిగ్గా 40 రెట్లు. అదే ఇండియన్ ఓపెన్‌ను 2016లో గెలిచి, యూరప్ మహిళల టూర్‌లో నెగ్గిన తొలి భారతీయురాలైనప్పుడు అదితికి 18 ఏళ్లు.

ముందున్నవాళ్లు ముందే ఉంటారుగా, చివరి రోజు చూడటమెందుకంటారా? హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడో రోజు అదితి 61 ఆడి ఏడు షాట్ల ఆధిక్యంలో నిలిచింది. 2023 అక్టోబరు 1న, చివరి రోజు, 77 ఆడింది. థాయిలాండ్‌కు చెందిన అర్పిచయ యుబోల్ 68 ఆడి రెండు షాట్ల తేడాతో స్వర్ణం గెలిచింది, అదితికి వెండి దక్కింది. 18 గుంతల్లో తొమ్మిది షాట్లు అటునుంచి ఇటు మారాయి. ఆ వెండి పతకంతోనే ఆసియా క్రీడల గోల్ఫ్‌లో పతకం తెచ్చిన తొలి భారత మహిళ అదితి అయింది. గెలిచిన రోజులకన్నా ఆ ఆదివారమే నన్ను ఆమెకు మరింత దగ్గర చేసింది.

ఇది మన ఆటేనా అన్న అనుమానం సహజం. గోల్ఫ్ దొరల ఆటగానే ఇక్కడికి వచ్చింది. కుప్పానికి దగ్గర్లోని కేజీఎఫ్‌లో బంగారు గనుల కాలంలోనే తెల్లవాళ్లు గోల్ఫ్ మైదానం వేసుకున్నారు. ఈరోజు అదితితో పాటు మైసూరుకు చెందిన ప్రణవి అర్స్, వినికిడి లోపం ఉన్నా యూరప్ టూర్‌లో రెండు టైటిళ్లు గెలిచిన దీక్షా దాగర్, దేశీయ టూర్‌లో పలుమార్లు నెగ్గిన హైదరాబాద్ అమ్మాయి స్నేహా సింగ్ ఉన్నారు.

ఇంట్లో చూసేవాళ్లకు వేళలు ముఖ్యం. జపాన్, కొరియా పోటీలు మనకు తెల్లవారుజామున మొదలవుతాయి, యూరప్‌వి మధ్యాహ్నం నుంచి, అమెరికావి సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటుతాయి. వెళ్లి చూడాలంటే దేశీయ మహిళల టూర్ పోటీలు బెంగళూరులోనూ, కుప్పం వాళ్లకు అందుబాటులోని హోసూరు క్లోవర్ గ్రీన్స్‌లోనూ జరిగాయి. బయల్దేరే ముందు ప్రేక్షకులను లోపలికి అనుమతిస్తున్నారో లేదో నిర్వాహకులను అడగండి. మెత్తటి బూట్లు వేసుకోండి, ఫోను మోగకుండా పెట్టుకోండి. అందరినీ చూడాలనుకోకండి. ఒక్క క్రీడాకారిణిని ఎంచుకుని మొదటి గుంత నుంచి పద్దెనిమిదో గుంత దాకా ఆమె వెంటే నడవండి. నాలుగున్నర గంటలు పడుతుంది. నాలుగు రోజుల పోటీ అంతా అలా నడిస్తే ఇంచుమించు మదనపల్లె నుంచి పుంగనూరుకు నడిచినంత. ఇంట్లో ఆడపిల్ల ఉంటే తనను కూడా తీసుకెళ్లండి.