మీకు తెలుసా? మూడు వేల చెక్కల ద్వారపాలకుడు

జపాన్‌లోని నారా నగరంలో తోదైజీ అనే బౌద్ధాలయం ఉంది. 1180 యుద్ధంలో కాలిపోతే మళ్లీ కట్టారు. దాని దక్షిణ మహాద్వారం లోపల ఇద్దరు ద్వారపాలకులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఒకరిది తెరిచిన నోరు, మరొకరిది బిగించిన నోరు. ఒక్కొక్కరి ఎత్తు 8 మీటర్లకు పైనే. నిలువెల్లా కలపే. 1203లో ఉంకెయ్, కైకెయ్ అనే శిల్పులు తమ బృందంతో ఈ రెంటినీ 69 రోజుల్లో నిలబెట్టారు!

అంత ఎత్తు మనిషిని ఒకే మానులోంచి తొలిచారనుకుంటాం. తొలవలేదు. ఒక్కో విగ్రహంలో దాదాపు 3,000 చెక్కలున్నాయి. నిండు దుంగతో ఒక చిక్కుంది: పైపొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపలి చేవ ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడుకు కలప బీటలు వారుతుంది. అందుకే హినోకి చెట్టు కలపను ముక్కలుగా తీసుకుని, విడివిడిగా చెక్కి, లోపల డొల్లగా ఉండేలా కలిపేవారు. బరువు తగ్గుతుంది, పగుళ్లు తగ్గుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరు చెయ్యి చెక్కుతుంటే ఇంకొకరు కాలు చెక్కవచ్చు. ఈ పద్ధతికి నిండుదనం తెచ్చినవాడు 11వ శతాబ్దపు శిల్పి జోచో. 1053లో ఆయన చెక్కిన అమితాభ బుద్ధుడు ఉజి పట్టణంలోని బ్యోదోయిన్ ఆలయంలో నేటికీ ఉన్నాడు. మన కొండపల్లి బొమ్మలకూ కాళ్లూ చేతులూ విడిగా చెక్కి అతికిస్తారు. అక్కడ అతికించేది చింతగింజల జిగురు.

నారా విగ్రహాలను 1988 నుంచి 1993 దాకా ఊడదీసి బాగుచేశారు. వాటి లోపల శిల్పుల పేర్లున్న రాతలు బయటపడ్డాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం మరో సంగతి. విగ్రహాన్ని కూర్చే దశలో ఉంకెయ్ బృందం నాభిని ముందు పెట్టిన చోటు నుంచి జరిపింది, కంటిచూపును కిందికి దించింది. పడుకోబెట్టి చెక్కినప్పుడు సరిగ్గా కనిపించిన కొలత, నిలబెట్టి కింద నుంచి చూస్తే తేడాగా అనిపిస్తుంది. 69 రోజుల హడావుడిలోనూ వాళ్లు కింద నుంచి తలెత్తి చూసేవారి కోసం, చెక్కినదాన్ని మళ్లీ సరిదిద్దారు.