ఇంటివాని ఋణము – ఇంటివారి ధర్మము



స్వామి సన్నిధిని చేతులు జోడించి నిలుచున్నను, మనలో ఎందరి మనస్సు అప్పుల చుట్టును తిరుగుచుండునో ఆ స్వామికే తెలియును. తాను చేసిన అప్పైనచో మనిషి ఏదో విధముగ ఓర్చుకొనును. కట్టుకొన్నవాడో, తోడబుట్టినవాడో, కన్నకొడుకో చేసిన అప్పు గడప దాటి లోనికి వచ్చినప్పుడు కోపము, జాలి, పరువు పోవునను భయము మూడును కలిసి బుద్ధిని కప్పివేయును. అట్టి వేళ మన ధర్మమేమి?

దీనికి మహాభారతములోని నలోపాఖ్యానము చక్కని సమాధానము చెప్పుచున్నది. జూదమున సర్వమును కోల్పోయి అరణ్యమున కుందుచున్న ధర్మరాజునకు బృహదశ్వ మహర్షి ఈ కథను వినిపించెను. నన్నయ భట్టారకుడు దీనిని మనకు తెలుగున అందించెను.

కలి ఆవేశించిన నలుడు పుష్కరునితో జూదమాడి సంపదలను ఒక్కొక్కటిగ ఓడిపోవుచుండెను. అప్పుడు దమయంతి ఏమి చేసెను? పరువు పోవునని దాచలేదు. మంత్రులు వచ్చి నిలిచియున్నారని భర్తకు విన్నవించెను. ఆతడు వినలేదు. అంతట సారథియైన వార్ష్ణేయుని పిలిపించి, బిడ్డలిద్దరిని రథముపై తన పుట్టింటికి, విదర్భకు పంపెను. రాజ్యము పోయిన పిమ్మట మాత్రము కట్టుబట్టతో భర్త వెంట అడవికి నడచెను.

మనము గ్రహింపవలసినది ఇదియే. ఆమె భర్తను విడువలేదు. ఆతని జూదమునకు బిడ్డల బ్రతుకును ఒడ్డనూ లేదు. మనిషికి తోడు నిలుచుట వేరు, ఆతని తప్పునకు తోడగుట వేరు. కొడుకు పేకాట బాకీలకు తల్లి మాటిమాటికి గాజులు తాకట్టు పెట్టుట ప్రేమవలె తోచును గాని, అది వానిని మరల ఆటకు కూర్చుండబెట్టుటయే యగును.

మన స్మృతికారులును ఈ భేదమును పాటించిరి. తండ్రి ఋణము తీర్చుట పుత్రుని ధర్మమని చెప్పుచునే, జూదమునకును మద్యమునకును చేసిన అప్పులను పుత్రుడు తీర్చనక్కరలేదని మనుస్మృతి చెప్పుచున్నది.

నేటి చట్టమును తెలిసికొనుట కూడ మేలు. 2005లో సవరించిన హిందూ వారసత్వ చట్టము ప్రకారము, ఆ సవరణ తరువాత తండ్రి చేసిన అప్పునకు, కొడుకను ధర్మబాధ్యత ఒక్కటే ఆధారముగ కుమారునిపై న్యాయస్థానమునకు పోవుట చెల్లదు. అయితే మరణించినవారి ఆస్తి మనకు సంక్రమించినచో, ఆ ఆస్తి మేరకు వారి అప్పునకు మనము బాధ్యులము. హామీ సంతకము చేసినచో విషయము వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగ లేనప్పుడు, హామీదారుడు అప్పు చేసినవానితో సమానముగ బాధ్యుడు. కనుక మొహమాటమునకు సంతకము చేయరాదు.

మరి చేయవలసినదేమి? ఇంటిల్లిపాది కూర్చుండి, ఎవరికెంత, వడ్డీయెంత, పత్రముపై ఎవరి సంతకమున్నది, అన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. పాత అప్పు తీర్చుటకు హెచ్చు వడ్డీకి క్రొత్త అప్పు తేరాదు. బిడ్డల చదువునకు, వృద్ధుల మందులకు కావలసిన ధనమును ముందుగ వేరుచేయవలెను. బ్యాంకు బాకీయైనచో అధికారులను కలిసి వాయిదాలు సడలింపుమని అడుగుటలో సిగ్గు లేదు. అప్పులవారు బెదిరించినను, తగవు కోర్టుకెక్కినను, న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ అచట ఉచిత న్యాయసహాయము లభించును.

అన్నిటికంటె ముఖ్యము, అప్పుల పాలైనవానిని మాటలతో చంపరాదు. సిగ్గుతో క్రుంగినవానికి మన దూషణము ప్రాణాంతకము కావచ్చును. "అప్పు సంగతి అందరము చూతము, నీవు మాకు ముఖ్యము" అను ఒక్క మాట ఆతనిని నిలుపును.

కథ చివర నలునకు ఋతుపర్ణుడు అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, సంఖ్యాజ్ఞానమును ఉపదేశించెను. ఆ జ్ఞానము కలిగినంతనే కలి ఆతని దేహమును విడిచి వెడలెను. మన యింటను అంతే. దాచిన అప్పులో కలి నివసించును. లెక్క వెలుగులోనికి వచ్చిననాడు వెడలిపోవును. ఆ లెక్కను నేటి సాయంత్రమే, దేవుని దీపము ముందు కూర్చుండి, ఆరంభింతము గాక!

సర్వే జనాః సుఖినో భవంతు.