అవ్వ పచ్చబొట్టు, మనుమరాలి కనుబొమ్మ

బీబీపేట పరిసర గ్రామములలో డెబ్బది యేండ్లు దాటిన అవ్వల ముంజేతులను పరికించినచో, ముడుతలు పడిన చర్మము క్రింద తేలు బొమ్మయో, చుక్కల వరుసయో, ఏనాడో గతించిన పెనిమిటి పేరో బూడిదవన్నె కలిసిన పచ్చని గీతలుగా నేటికిని కనబడుచుండును. ఒంటిమీది సొమ్ములన్నియు కాటికి ఈవలనే నిలిచిపోవుననియు, వెంట వచ్చునది పచ్చబొట్టొక్కటే యనియు వారి విశ్వాసము. అట్టి యొక అవ్వ మనుమరాలు పెండ్లికి ముందు కామారెడ్డికో హైదరాబాదుకో పోయి, పార్లరులో కనుబొమ్మలకు 'పర్మనెంట్ మేకప్' చేయించుకొనవలెనని తలచుచున్నది. మొదటిది మోటు, రెండవది నాగరికము అని ఇంటివారి యభిప్రాయము కావచ్చును గాని, చర్మమున కా భేదము తెలియదు. దానికి రెండును సూదిపోట్లే.

పూర్వము ఎరుకల స్త్రీలు ఊరూర తిరుగుచు పచ్చబొట్లు పొడిచెడివారు. ఆదిలాబాదు గోండులకు ఈ పని చేసిపెట్టినవారు తోటీ తెగ స్త్రీలు. దీపపు మసిని ఆకుపసరుతోనో చనుబాలతోనో కలిపి, కట్టగట్టిన సూదులతో గ్రుచ్చుట ఆనాటి పద్ధతి. మసి నల్లనిది గదా, బొట్టు పచ్చనగుట ఏల? చర్మముపై పడిన కాంతిలో ఎర్రని కిరణములు లోతుగా చొచ్చి, మసికణములను చేరి, అచ్చటనే ఇంకిపోవును. నీలికిరణములలో అధికభాగము అంత లోతు పోకమునుపే చర్మపు పోగుల నడుమ చెదరి వెనుకకు మరలును. అందుచేత లోపలి నలుపు బయటి కంటికి నీలముగను, పసుపుచాయ గల మన మేనిమీద పచ్చగను తోచును. పచ్చబొట్టను పేరు పెట్టిన పూర్వులకు కాంతిశాస్త్రము తెలియదు. వారి కన్ను మాత్రము పొరబడలేదు. నేటి పార్లరులో పని చేయువారి చేయి కొంచెము లోతునకు జారినచో, మసి కలిసిన రంగుతో గీచిన నల్లని కనుబొమ్మ కొన్నాళ్లకు నీలిబూడిద వన్నెకు దిగుటకును హేతువు ఇదియే.

ఇక మాసిపోకుండుట సంగతి. పై పొర దాదాపు నెలకొకమారు రాలి క్రొత్తదగుచుండును గనుక, అందు నిలిచిన రంగు దానితోనే పోవును. దాని క్రింది పొరలో పడిన రంగును పరాయి వస్తువుగా నెంచి భక్షకకణములు మ్రింగును గాని జీర్ణించుకొనలేవు. ఫ్రాన్సు దేశమునందలి మార్సెయ్ నగర పరిశోధకులు 2018లో ఎలుకలపై జరిపిన ప్రయోగములో, రంగును మ్రింగిన కణములను చంపివేసినను బొట్టు చెదరలేదు. చచ్చిన కణము విడిచిన రంగును క్రొత్తగా వచ్చిన కణము మరల మ్రింగినది. అవ్వ చేతి తేలును ఇన్నాళ్లు మోసినవి ఒక తరపు కణములు కావన్నమాట, ఆస్తివలె వారసత్వముగా అందుకొనుచు వచ్చిన పెక్కు తరములవి. కొంత రంగు మాత్రము దారితప్పి సమీపమందలి శోషరసగ్రంథులను చేరును.

కనుబొమ్మల పని ఇంతకంటె పైపైన జరుగును. సన్నని సూదుల వరుస అమర్చిన చేతిపనిముట్టుతో వెండ్రుకలవంటి గాట్లు పెట్టి రంగును నింపుటకు మైక్రోబ్లేడింగు అని పేరు. లోతు తక్కువగుటచేత ఒకటి రెండేండ్లలో రంగు వెలవెలబోవును, కాని పూర్తిగా పోవునని పూచీ లేదు. శాశ్వతమను పేరు వ్యాపారమునకు సంబంధించినది. ఈ రంగులలో విరివిగా వాడునది ఐరన్ ఆక్సైడు, అనగా ఇనుపతుప్పునకు చుట్టము. నచ్చలేదని లేజరుతో చెరపబోయినచో ఇది చెరగుటకు మారుగా నల్లబడుట కద్దు. ఎం.ఆర్.ఐ. తీయునపుడు అరుదుగా ఆ చోట మంటపుట్టవచ్చును గనుక ముందుగా చెప్పుట మంచిది. అందుకని పరీక్ష మానుకొనరాదు.

అసలు భయము రంగుకంటె రక్తమునందున్నది. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తపుమరకలో వారము దినములైనను బ్రతికియుండగలదు. జాతరలో ఒకే సూదితో, ఒకే రంగుగిన్నెతో వరుసగా పదిమందికి పొడుచుట ఎంత సాహసమో దీనివలన తెలియును. పొడిపించుకొన్నవారి నుండి మన రక్తనిధులు ఒక సంవత్సరము రక్తము స్వీకరింపకుండుటకు కారణమిదే. స్పిరిటుతో తుడిచినంత మాత్రమున సూది శుద్ధము కానేరదు. కావున పని చేయించుకొనకమునుపు ఒకనాడు ఊరకే పోయి కూర్చుండి చూడుడు. సీలు వేసిన క్రొత్త సూదిని మీ కన్నులయెదుటనే విప్పుచున్నారా, తరువాత దానిని గట్టి డబ్బాలో పారవేయుచున్నారా, రంగును చిన్న గిన్నెలో పోసి మిగిలినది మరల సీసాలో కలుపుచున్నారా, పలుచన చేయుటకు కుళాయినీరు పట్టుచున్నారా, అదే గ్లౌజులతో సెల్‌ఫోను ఎత్తుచున్నారా అని గమనింపుడు. గోడమీది సర్టిఫికెట్టును నేనంతగా లెక్కచేయను. రెండు మూడు దినముల శిక్షణకును అది దొరకును. పని ముగిసిన గడియలో తీసిన ఫోటోలు అన్నియు అందముగనే యుండును, ఏడాది తరువాతి ఫోటోలు అడుగుడు.

వారు మిమ్ము ఏమడుగుదురో అదియు ముఖ్యమే. మధుమేహము, రక్తమును పలుచన చేయు మందులు, గర్భము, గాయము మానినచోట ఉబ్బెత్తుగా పెరుగు మచ్చలు, వీని మాట ఎత్తకయే సూది పట్టినవారి యొద్ద నుండి లేచి రావలెను. బొల్లి వ్యాపించుచున్నవారికి సూదిపోటు తగిలినచోటనే క్రొత్త మచ్చ పుట్టవచ్చును; ఏండ్ల తరబడి కదలక నిలిచిన బొల్లికి మాత్రము చర్మవైద్యులే ఇదే విధముగా రంగు దింపుదురు. రొమ్ముక్యాన్సరు శస్త్రచికిత్స జరిగిన స్త్రీలకు చనుమొన రూపమును తిరిగి చిత్రించుటయు ఈ విద్యయే. సందేహమున్నవారు ముందు చర్మవైద్యుని చూచుట మేలు.

చివరగా ముహూర్తము మాట. మొదటి వారము రంగు మిక్కిలి ముదురుగా నుండి, పొట్టు కట్టి రాలును; దానిని గిల్లరాదు, పసుపు పూయరాదు. అసలు వన్నె తేలుటకు నాలుగు వారములు పట్టును, సరిదిద్దించుకొనుటకు మరియొకమారు పోవలసియుండును. పెండ్లికి రెండు నెలల ముందే ఈ పని ముగింపనిచో, పీటల మీది పెండ్లికూతురు బొగ్గుతో దిద్దిన కనుబొమ్మలతో ఫోటోలకెక్కును.