అమ్మానాన్నలతో అండమాన్‌కు వెళ్తున్నారా?

డిసెంబరు సెలవులు దగ్గరపడుతుంటే మా ఓపీలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ‘డాక్టరు గారూ, అండమాన్‌కు టికెట్లు తీశాం. నాన్నకు షుగరు, అమ్మకు మోకాళ్ల నొప్పులు. తీసుకెళ్లొచ్చా?’

నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. చెన్నైలో విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కాకపోతే పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో పేరు మారాక శ్రీ విజయపురంలో, దిగాక లెక్క మారుతుంది. దీవులన్నిటికీ పెద్ద దిక్కయిన జి.బి.పంత్ ఆస్పత్రి ఆ ఊళ్లోనే ఉంది. మీరు చూడబోయే పార్కులు, పల్లెలేమో పడవకు అవతలో, అడవి గేటుకు అవతలో ఉంటాయి. సముద్రం బాగోలేకపోతే పడవ కదలదు. వేళ దాటితే గేటు తెరవరు. అందుకే హోటల్ బుక్ చేసేముందు ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు ఒకసారి చూడండి, వాళ్లు ఏ టాబ్లెట్ ఎప్పుడు వేసుకుంటారో కనుక్కోండి.

పాదాలు అనగానే నాకు ఒకాయన గుర్తొస్తారు. రిటైరైన ఉద్యోగి, పదిహేనేళ్లుగా షుగరు. పిల్లలు ముచ్చటపడి అండమాన్ తీసుకెళ్లారు. ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో పగడపు దిబ్బల మీద చెప్పుల్లేకుండా నడిచారు. కాలికి ఏదో గీసుకుంది. ‘నొప్పేం లేదులే’ అని ప్లాస్టర్ అంటించి, అదే కాలితో మరో నాలుగు రోజులు ఇసుకలో తిరిగారు. పదో రోజున మా దగ్గరికి వచ్చేసరికి పాదం వాసన వేస్తోంది. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఆయన కూతురు ఫోన్‌లో ఆ రోజు ఫొటో చూపించింది. ‘నాన్న ఇంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదు సార్’ అంది. వెళ్లకుండా ఉండాల్సిందని నేను అనలేదు. అనాలనీ అనిపించలేదు. కావాల్సిందల్లా మందపాటి రబ్బరు అడుగున్న ఒక జత బూట్లు.

షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. నొప్పి లేదంటే గాయం చిన్నదని కాదు, కబురు మెదడుకు చేరలేదని. పగడపు దిబ్బ సున్నపురాయిలా గట్టిది, అంచులు బ్లేడులా ఉంటాయి. కోసుకుంటే ముక్కలు, క్రిములు లోపలే ఉండిపోతాయి. వెంటనే సబ్బుతో, ధారాళంగా మంచినీళ్లతో కడగాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోవాలి. షుగరున్నవాళ్లయితే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. రోజూ రాత్రి టార్చి వేసి పాదాలు చూసే పని పిల్లల్లో ఒకరికి అప్పగించండి. ముళ్ల చేప గుచ్చుకుంటే తట్టుకోగలిగినంత వేడినీళ్లలో కాలు ఉంచమంటారు, నిజమే. కానీ మొద్దుబారిన కాలికి వేడి తెలియదు. ఆ నీళ్లను ముందు ఇంకొకరు చేత్తో చూడాలి.

వండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు చూడకుండా ఎవరూ రారు. 1983లో ఏర్పడింది, 15 దీవులు. వాటిలో జాలీబాయ్, రెడ్‌స్కిన్‌లకు సీజన్‌ను బట్టి మార్చి మార్చి పంపిస్తారు. జాలీబాయ్‌లో జెట్టీ లేదు. ఊగే పడవలోంచి చిన్న పడవలోకి, అందులోంచి ఇసుకలోకి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు చెరోవైపు చెయ్యి పట్టుకునేవాళ్లు ఉండాలి. అక్కడ దుకాణాలు లేవు, ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు స్టీలు డబ్బాలో చపాతీ, కాస్త బెల్లం, స్టీలు సీసాలో నీళ్లు తప్పనిసరి.

గేటు తెరిచే వేళకు

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లేరోజు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో బయల్దేరాలి. జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాలన్నిటినీ ఒక వరుసగా వదులుతారు. జారవాల అభయారణ్యం మీదుగా వెళ్లే ఆ దారిలో బండి ఆపకూడదు. బీపీకో గుండెకో నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లకు, ప్రొస్టేట్ ఉన్న నాన్నలకు ఈ ప్రయాణం నరకమే. చాలామంది ముందురోజు నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే అవతల పడవ దిగాక గుహ దాకా ఉక్కలో కిలోమీటరుకు పైగా నడవాలి. ఆ ఒక్కరోజు మాత్రను మధ్యాహ్నానికి మార్చుకోవచ్చేమో బయల్దేరే ముందే మీ డాక్టర్‌ని అడగండి. సొంతంగా మానేయొద్దు.

దారిలో జారవాలు కనిపిస్తే ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం నేరం. నేను ఇంకో మాట కూడా చెబుతాను. 1999లో వాళ్లలో తట్టు వ్యాపించింది. మనకు చిన్నప్పుడే టీకా వేసేసిన జబ్బు అది. మీ అబ్బాయి దగ్గుతూ ఉంటే కిటికీ అద్దం దించనివ్వకండి.

హేవ్‌లాక్ పడవలో వాంతులు చాలామందికి అవుతాయి. గంట ముందు వేసుకునే మాత్రలున్నాయి. అయితే వాటిలో చాలావరకు ప్రొస్టేట్, గ్లకోమా ఉన్నవాళ్లకు పడవు.

పల్లెల్లో తిరిగితే

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో చేపల రేవు దగ్గర నిలబడితే తెలుగు చెవిన పడుతుంది. మన ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. ఉత్తరాన మాయాబందర్ దగ్గర వెబీలో 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్‌ల ఊరుంది. ఇంకా పైకి పోతే డిగ్లిపూర్, అక్కడ 732 మీటర్ల శాడిల్ పీక్. అది ఎక్కడం కుర్రాళ్ల పని. మెట్లెక్కితేనే ఆయాసపడేవాళ్లు కొండ కింద తీరంలో నడిచి వచ్చేయడం మేలు.

ఆ వైపు వరి మళ్లు, వాగులు ఎక్కువ. 1980ల చివర్లో అక్కడ జ్వరంతో మొదలై ఊపిరితిత్తుల్లో రక్తస్రావంతో ప్రాణాలు తీసే జబ్బు కనిపించింది. అండమాన్ రక్తస్రావ జ్వరం అన్నారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1990ల్లో తేలింది. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలో, బురదలో కాలు పెడితే చర్మం మీది చిన్న గీతలోంచి క్రిమి లోపలికి పోతుంది. వానల తర్వాత ఎక్కువ. త్వరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గుతుంది. ఆలస్యమైతే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

చిక్కేమిటంటే, జ్వరం ఇంటికొచ్చిన వారం పది రోజులకు మొదలవుతుంది. ఒక్కోసారి నెల దాకా పట్టొచ్చు. అప్పటికి సూట్‌కేసులు అటకెక్కి ఉంటాయి. పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే అనుమానించాలి. ఆయాసం, దగ్గులో రక్తం కనిపిస్తే ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్లాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లు ‘మూడు రోజులుగా జ్వరమండీ’ అని మొదలుపెడతారు. మీరు ‘అండమాన్ వెళ్లొచ్చి పది రోజులైంది’ అని మొదలుపెట్టండి. బురదలో దిగారా, దోమలు కుట్టాయా అన్నది కూడా చెప్పండి. మలేరియాతో పాటు లెప్టో పరీక్ష కూడా అప్పుడే రాస్తాం.