కొబ్బరి కొట్లో 'రేసు' బండి!

"అన్నయ్యా! మా యింట్లో షోలవరంలో రేసులు గెలిచిన బండి వుంది. మీ పత్రికలో రాస్తారా?"

రాజోలు నుంచి ఫోను! వెనకాలే వాట్సాప్‌లో నాలుగు ఫోటోలు. కొబ్బరికాయల రాశి పక్కన, గోనెసంచులు కప్పుకుని ఒక మోటారుసైకిలు. హెడ్‌లైటు లేదు. పెట్రోలు ట్యాంకు మీద పెద్ద సొట్ట. నంబరు ప్లేటు మీద తమిళనాడు అక్షరాలు. జంట సైలెన్సర్లు.

"షోలవరంలో పడిన దెబ్బేనండి ఆ సొట్ట. మా నాన్నగారు తోలారు. హైద్రాబాదు నుంచి ఒకాయన వస్తానన్నాడు. రేసు బండయితే అయిదు లక్షలిస్తానన్నాడు. మామూలు బండయితే మాట్లాడుకుందాం అన్నాడు. మీరు ఒక ముక్క రాశారంటే..."

అదీ సంగతి! నేను ఒక ముక్క రాస్తే వాళ్ళ చెల్లెలి పెళ్ళి బాకీ తీరిపోతుందట. సినిమాల్లో కనిపించే బళ్ళ మీద నేను రాసిన వ్యాసాలు చదివి నన్ను పట్టుకున్నాడు.

మర్నాడే బయల్దేరాను. రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట మీదుగా అమలాపురం. అక్కణ్ణుంచి అంబాజీపేట, గన్నవరం దాటి రాజోలు వైపు. రెండు పక్కలా కొబ్బరిచెట్లు, వాటి కింద కాలవ, కాలవ పక్కన పాములా మెలికలు తిరిగే రోడ్డు. ఈ రోడ్డు మీద రేసు బండి తోలినవాడు ఎవడో గాని వాడి గుండె గట్టిదే అనుకున్నాను!

బండికీ జాతకం వుంటుంది!

ఇంటి పెద్దాయన వాకిట్లో వున్నారు. అరవై దాటిన మనిషి. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. "ఆయ్! రండి బాబూ, ముందు కాఫీ పుచ్చుకోండి" అన్నారు గాని, బండి సంగతి ఎత్తలేదు. కొడుకే ఉత్సాహంగా కొట్టు తలుపు తీశాడు.

గోనెలు తియ్యగానే నా గుండె ఝల్లుమంది. అది రాజ్‌దూత్ 350!

కుర్రాళ్ళకి కొంచెం చెప్పాలి. 1973లో వచ్చిన 'బాబీ'లో రిషి కపూర్ తోలిన బుల్లి రాజ్‌దూత్ వేరు, ఇది వేరు. ఇది పేరుకే రాజ్‌దూత్. రక్తం మాత్రం జపాను యమహాది. అక్కడ దీన్ని ఆర్.డి. 350 అనేవారు. మన దేశంలో ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో విడుదల చేసింది. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. ఆ రోజుల్లో సుమారు 18,000 రూపాయలు. అదే ఏడు వచ్చిన 'హీరో'లో జాకీ ష్రాఫ్ ఈ బండెక్కి వస్తుంటే థియేటర్లో ఈలలే ఈలలు! ఆ 'హీరో' కథే 1986లో తెలుగులో 'విక్రమ్' అయింది, నాగార్జునని మనకి పరిచయం చేసింది.

ఇది టూ స్ట్రోకు బండి. ఫోర్ స్ట్రోకు ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒకసారి మందు పేలుతుంది. టూ స్ట్రోకులో చుట్టు చుట్టుకీ పేలుడే! అందుకే ఆ చురుకు, ఆ అరుపు. పెట్రోలుతోబాటు ఆయిలు కూడా కాలుతుంది గనక వెనకాల ఆ నీలి పొగ. లీటరుకి 20-25 కిలోమీటర్లు వస్తే గొప్ప. జపాను బండికి 39 గుర్రాల బలం. మన దగ్గర మొదటి రకానికి 30.5 చేశారు. తర్వాత మైలేజీ కోసం 27కి దించారు. అప్పటికీ మన రోడ్ల మీద దీనికి ఎదురులేదు. ఆగడమే కష్టం! జపాను ఆర్.డి.కి ముందు డిస్కు బ్రేకు వుండేది. మనకిచ్చినదానికి డ్రమ్ము బ్రేకు. పైగా టూ స్ట్రోకు బండి యాక్సిలరేటరు వదిలినంత మాత్రాన నెమ్మదించదు. అందుకే ఆర్.డి. అంటే 'రాపిడ్ డెత్' అని కుర్రకారు పేరు పెట్టారు. ఆ పేరు వేళాకోళానికి పుట్టింది కాదు.

మరి రేసు సంగతో?

ఆర్.డి. అన్న అక్షరాలకి రేసులతో పాత చుట్టరికమే వుంది. 1964లో ఫిల్ రీడ్ యమహాకి మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్పు తెచ్చిపెట్టింది ఆర్.డి. 56 అనే టూ స్ట్రోకు రేసు బండి మీదే. 1974లో ఇటలీ వీరుడు అగస్తీనీ 350 సీసీ టైటిల్ గెలిచిందీ యమహా మీదే. రేసుల కోసం యమహా 1973లో దింపిన టీజెడ్ 350, రోడ్డు మీది ఆర్.డి. 350 దగ్గరి చుట్టాలు. కాని చుట్టం వేరు, మనిషి వేరు!

నేను బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. కొడుకు సెల్‌ఫోను లైటు పట్టుకున్నాడు.

టీజెడ్‌ని నీళ్ళతో చల్లబరుస్తారు, రేడియేటరు వుంటుంది. ఇక్కడ సిలిండర్ల చుట్టూ గాలి తగలడానికి రేకులు. ఆ రేసు బండికి కిక్కు రాడ్డు వుండదు. తోసుకుంటూ పరుగెత్తి ఎక్కాల్సిందే! ఇక్కడ కిక్కు రాడ్డు నిక్షేపంలా వుంది. టీజెడ్‌కి పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోస్తారు. ఇక్కడ ఆయిలుకి వేరే ట్యాంకు, వేరే పంపు. తాళంచెవి పెట్టే చోటు వుంది. సైడు లైట్లు బిగించే రంధ్రాలున్నాయి. హెడ్‌లైటు లేదు గాని, దాని వైర్లు తెగి వేలాడుతున్నాయి. రేసు కోసం తీసినవాడు వైర్లు పీకి, శుభ్రంగా చుట్టి కడతాడు. ఇవి లాగితే తెగిన వైర్లు.

రోడ్డు బండిని రేసుకి మార్చడం కద్దు. అదీ చూశాను. సైలెన్సర్లు కంపెనీవే. ఫుట్‌రెస్టులు వెనక్కి జరపలేదు. హ్యాండిలు మార్చలేదు.

ఇక సొట్ట! కింద పడిన బండికి పక్కన గీతలు పడాలి. ఫుట్‌రెస్టు అరగాలి, హ్యాండిలు చివర చిట్లాలి. ఈ సొట్ట నడినెత్తిన వుంది. పైనుంచి ఏదో పడింది!

"ఏమంటారు అన్నయ్యా? రేసుదేగా?" అన్నాడు కొడుకు. వాడి మొహం చూసి నోరు పెగల్లేదు. "కాయితాలున్నాయా?" అని తప్పించుకున్నాను. కాయితాలు అమలాపురంలో వున్నాయని, తెస్తానని వాడు వెళ్ళాడు.

పెద్దాయన నోరు విప్పారు

అప్పుడు పెద్దాయన మెల్లిగా వచ్చి కొబ్బరి రాశి మీద కూర్చున్నారు.

"కనిపెట్టేశారు కదండీ?"

"సొట్ట ఎలా పడింది బాబాయిగారూ?"

"కొబ్బరిచెట్టు! తొంభయ్యారు తుఫాను."

కోనసీమలో 'తొంభయ్యారు' అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి. తోటలకి తోటలు నేలకూలి, వందల ప్రాణాలు పోయిన రాత్రి. కొట్టు కప్పు మీద చెట్టు పడింది. హెడ్‌లైటు పగిలింది, ట్యాంకు నొక్కుకుపోయింది.

"'హీరో' చూసి మతి పోయిందండి బాబూ! నాన్నగారిని ఏడిపించి, కొబ్బరి దింపు డబ్బు పట్టుకుని మద్రాసెక్కేశాను. ఎనభై నాలుగులో అక్కడే కొన్నాను దీన్ని. ఫైటింగు సీన్లలో బండి తోలే డూపుగానైనా తీసుకోకపోతారా అని. కోడంబాకంలో గేట్ల ముందు మూడేళ్ళు నిలబడ్డానండి. ఒక రోజు ఒక కంపెనీవాళ్ళు పిలిచారు. ఒళ్ళు పులకరించిపోయిందనుకోండి! తీరా వెళితే... బండి కావాలన్నారండి. నేను కాదు!"

ఆయన నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

"ఎవరో తోలారు. నేను చెట్టు కింద నిలబడి చూశాను. ఆ సినిమా అమలాపురంలో ఆడినప్పుడు వెళ్ళాను. బండి కనపడింది. రెండు సెకన్లు! అదీ వెనకనుంచి."

"మరి షోలవరం?"

"చూశానండి, తాడు ఇవతల నుంచి. ఆ బళ్ళ రొద చెవుల్లో వారం రోజులుంది. పొగలో ఆముదం వాసన!"

ఈ ఒక్క మాటతో ఆయన షోలవరం నిజంగా చూశారని నాకు తెలిసిపోయింది. ఆ రోజుల్లో రేసు బళ్ళలో ఆముదంతో చేసిన ఆయిలు వాడేవారు. ఆ వాసన పీల్చినవాడు మర్చిపోడు. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగేవి ఆ రేసులు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు వచ్చాక షోలవరం వెలుగు తగ్గిపోయింది.

"ఎనభై ఏడులో బండిని లారీ మీద వేసుకుని వచ్చేశాను. ఊరి పొలిమేరలోనే అడిగారు, 'ఏరా, వేషమొచ్చిందా?' అని. రాలేదని ఎలా చెప్పమంటారు? 'సినిమాలెవడిక్కావాలి, షోలవరంలో రేసులు తోలుతున్నాను' అనేశాను. అబద్ధం ఆ ఒక్కరోజే ఆడానండి. తర్వాత నలభయ్యేళ్ళూ ఊరే ఆడింది, నేను కాదనలేదు. మా వాడు బళ్ళో వ్యాసం రాసి ప్రైజు కూడా తెచ్చుకున్నాడు. ఇప్పుడా హైద్రాబాదాయనకి కూడా అమ్మేస్తే... అది మోసం కాదూ?"

"నేను రేసు బండని రాయలేను బాబాయిగారూ."

"రాయొద్దు. వాడికి నేనే చెప్తాను. మీరు పక్కనుండండి చాలు."

రెండు సెకన్ల హీరో!

కొడుకు కాయితాలు తెచ్చాడు. 1984 అని స్పష్టంగా వుంది. అంటే తొలి రకం బండి కావడానికే అవకాశం ఎక్కువ. కాని సిలిండర్లు విప్పి, లోపల పోర్టులు చూస్తేగాని ఖాయంగా చెప్పకూడదు. అదే చెప్పాను.

పెద్దాయన అంతా చెప్పారు. ఒక్క ముక్క దాచలేదు. కొడుకు తల వంచుకుని విన్నాడు. ఏడుస్తాడా, కోప్పడతాడా అని నేను బిక్కచచ్చి కూర్చున్నాను. చాలాసేపటికి తలెత్తి, "అయితే నాన్నా, సినిమాలో చేసిన మాట నిజమేనా?" అన్నాడు.

"ఆయ్! రెండు సెకన్లు."

"ఆ సినిమా పేరేంటి? ఈ రాత్రికి యూట్యూబులో వెతుకుదాం!"

పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చెమటకే అనుకుందాం.

తర్వాత నాకో రహస్యం తెలిసింది. పెద్దాయన ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో రెండు చుక్కలు ఆయిలు వేసి, కిక్కు రాడ్డుని చేత్తో మెల్లిగా తిప్పేవారట. అందుకే పిస్టన్లు పట్టేయలేదు! కొడుకు అమలాపురం నుంచి ఒక ముసలి మెకానిక్కుని పట్టుకొచ్చాడు. కార్బురేటర్లు కడిగారు, ప్లగ్గులు మార్చారు, పక్కన సీసా వేలాడదీసి పెట్రోలు అందించారు. పదిహేడో కిక్కుకి దగ్గింది. ఇరవయ్యో కిక్కుకి అరిచింది! కొట్టు నిండా నీలి పొగ. కాలవ అవతలి గట్టు మీద పిల్లలు పరుగెత్తుకొచ్చారు. పెద్దాయన మాత్రం కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఆ క్షణంలో ఆయన కోడంబాకంలో వున్నారో, షోలవరంలో తాడు పక్కన వున్నారో నేను అడగలేదు.

హైద్రాబాదు ఆయనకి కొడుకే ఫోను చేసి వున్నదున్నట్టు చెప్పాడు. అయిదు లక్షల మాట వెంటనే ఎగిరిపోయింది. కాని ఆయన ఫోను పెట్టేయలేదు. అసలు భాగాలు చెదరని 1984 బండి అంటే చూడ్డానికి తప్పకుండా వస్తానన్నాడు. బేరం కుదురుతుందో లేదో, పెళ్ళి బాకీ ఎంత తీరుతుందో నేను చెప్పలేను. "బండి వెళ్ళిపోతే బాధ లేదా బాబాయిగారూ?" అంటే, "దాని బరువు ఇవాళే దిగిపోయిందండి" అన్నారాయన.

మన దేశంలో ఈ బండి తయారీ దశాబ్దం నిండకుండానే ఆగిపోయింది. కుర్రకారు కలల బండి ఆర్.ఎక్స్. 100 కూడా 1996తో సరి. క్రికెటర్ ధోనీ లాంటివాళ్ళు ఆర్.డి.ని అపురూపంగా దాచుకున్నారు. 2019లో 'రాజ్‌దూత్' పేరుతోనే ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. మోజు తగ్గలేదు. మోజుతోబాటు కట్టుకథలూ తగ్గలేదు!

అందుకని కుర్రాళ్ళూ, మీ ఊళ్ళో ఏ కొట్లోనైనా ఇలాంటి బండి కనబడితే కిక్కు రాడ్డు చూడండి, ఆయిలు ట్యాంకు చూడండి, తెగిన వైర్లు చూడండి. అవి అబద్ధం చెప్పవు. ఆ తర్వాత ఇంటి పెద్దాయన పక్కన కాసేపు కూర్చోండి. బండి ఏ రేసు గెలిచిందని మాత్రం అడక్కండి. "మీరెందుకు కొన్నారు తాతగారూ?" అని అడగండి. అసలు సినిమా అప్పుడు మొదలవుతుంది!