ఇంట్లో చేసుకున్న క్రిస్మస్

క్రిస్మస్ సంచికకు మా కుటుంబం గురించి నాలుగు మాటలు రాయమన్నప్పుడు మేమిద్దరం కొంచెం తటపటాయించాం. మాది చెప్పుకోదగ్గ కుటుంబమేమీ కాదు. జల్‌పల్లిలో రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలు, షుగరు ఉన్న నానమ్మ. ఒక ఏడు డబ్బు లేక ఇంట్లోనే మొదలుపెట్టిన క్రిస్మస్ పనిని మా పిల్లలు ఇప్పటికీ మాననివ్వడం లేదు. ఆ పనిలో మేము ఒకసారి చేతులు కాల్చుకున్నాం కూడా. ఇది సామెతగా అంటున్న మాట కాదు, నిజంగానే కాలింది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులకు ఆ సంగతి పనికి వస్తుందని రాయడానికి ఒప్పుకున్నాం.

జల్‌పల్లి తెలియనివారికి చెబుతాం. చాంద్రాయణగుట్ట, బార్కాస్ దాటి పహాడీషరీఫ్ వైపు వస్తే మా ఊరు. పేరుకు రంగారెడ్డి జిల్లా, 2016లో మున్సిపాలిటీ అయింది, కానీ మాట, తిండి, బజారు అన్నీ పాతబస్తీవే. ఇక్కడ ఎక్కువమంది ముస్లిం సోదరులే. మాలాంటి క్రైస్తవ కుటుంబాలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. మా గల్లీలో డిసెంబరులో నక్షత్రం వెలిగేది మా గుమ్మం మీద మాత్రమే.

2020 అక్టోబరు 13న పడిన వాన హైదరాబాదులో ఎవరూ మరచిపోరు. చుట్టుపక్కల చెరువులు నిండి పొర్లాయి. కొద్ది రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. మా దగ్గరి ఉస్మాన్‌నగర్‌లో నెలల తరబడి నీళ్లు నిలిచిపోయాయి. మా ఇంట్లోకి నడుము ఎత్తు నీళ్లు వచ్చాయి. నానమ్మను, పిల్లలను ముందే పక్కింటి మేడ మీదికి చేర్చాం గనుక ప్రాణాలకు ముప్పు రాలేదు, దేవునికి స్తోత్రం. బియ్యం, పరుపులు, కుట్టుమిషను పోయాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో దాచిన క్రిస్మస్ సామాను, అంటే ప్లాస్టిక్ చెట్టు, సీరియల్ లైట్లు, కొన్న నక్షత్రం, అన్నీ బురద ముద్ద అయిపోయాయి. నీళ్లు తీశాక గోడ మీద గోధుమ రంగు గీత ఒకటి మిగిలింది. ఎంత కడిగినా పోలేదు.

అప్పటికి మా పాపకు ఆరేళ్లు, బాబుకు రెండేళ్లు. ఒకరోజు సాయంత్రం కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు పాప ఆ గీత వైపు చూస్తూ, "డాడీ, ఆ నీళ్లు దేవుడే పంపిండా?" అని అడిగింది. సండే స్కూలులో మేము నేర్చుకున్న జవాబులు నాలుక చివరి దాకా వచ్చాయి. నోవహు కథ చెబుదామా అనుకున్నాం. అది చెబితే గల్లీలో మునిగిన వాళ్లంతా పాపులే అన్నట్టు పిల్ల అర్థం చేసుకుంటుంది. చివరికి, "మాకు తెలియదు బిడ్డా. మేడ మీదికి ఎవరు పిలిచిన్రో మాత్రం తెలుసు" అన్నాం. పాప కాసేపు ఊరుకుని, "మరి ఖాలా కోసం ప్రార్థన చేద్దాం" అంది. మమ్మల్ని మేడ మీదికి పిలిచింది పక్కింటి ఖాలాయే. పిల్లలు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పాలన్న బరువు ఆరోజు మా మీద నుంచి దిగింది. తర్వాత ఇలాంటి ప్రశ్నలు ఇంకా వచ్చాయి. తెలిసినవి చెబుతాం, తెలియనివి ప్రార్థనలో పెడతాం.

ఆ డిసెంబరులో కరోనా భయంతో మా సంఘం కేరల్స్ ఆపేసింది. మెదక్ ప్రయాణం కూడా మానుకున్నాం. అంతకుముందు ప్రతి క్రిస్మస్ మరునాడు నానమ్మను తీసుకుని మెదక్ చర్చికి వెళ్లేవాళ్లం. ఈసారి వెళ్లలేకపోతున్నామని పిల్లలు మొహాలు వేలాడేస్తే నానమ్మ ఆ గుడి కథ చెప్పింది. పాస్నెట్ దొరగారు ఆ గుడిని కరువు రోజుల్లో మొదలుపెట్టారు. ఊరికే పంచితే తీసుకునేవారి మనసు చిన్నబోతుందని పనికి తిండి పెట్టి కట్టించారు. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజునే, ప్రతిష్ఠ జరిగింది. "ఆకలితో ఉన్నోళ్ల చేతులతో కట్టిన గుడి అది. మనకు చేతులున్నయ్ గదా, ఏడుపెందుకు?" అంది నానమ్మ.

ముందుగా నక్షత్రం చేశాం. డిసెంబరు అంటే పాతబస్తీలో పతంగుల కాలం. సంక్రాంతి కోసం ధూల్‌పేటలో ఇంటింటా పతంగులు తయారవుతుంటాయి. అదే పలుచని కాగితం తెచ్చాం, ఎరుపు, పసుపు. వెదురు పుల్లలతో ఐదు కొమ్మల చట్రాలు రెండు కట్టి, ఒకదానిమీద ఒకటి పెట్టి కొసలు దారంతో ముడివేసి, మధ్యలో అడ్డంగా చిన్న పుల్లలు దూర్చితే పొట్ట ఉబ్బిన నక్షత్రం తయారవుతుంది. మైదా ఉడికించిన జిగురుతో కాగితం అంటించాం. మొదటిది వంకరగా వచ్చింది. ఒక కొమ్మ పొడుగు, ఒకటి పొట్టి. మార్చుదామంటే పాప ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రపంచమంతా మొరేవియన్ నక్షత్రం అని పేరుపొందిన కాగితపు నక్షత్రం కూడా 1830ల్లో జర్మనీలోని ఒక మిషన్ బడిలో పిల్లలకు లెక్కల పాఠంగానే మొదలైందట. మా పాపకు లెక్కలంటే భయం, నక్షత్రమంటే కాదు. అందుకని ఈ సంగతి తనకు పదేపదే చెబుతుంటాం. ఒక్క జాగ్రత్త చెప్పాలి. కాగితపు నక్షత్రంలో వేడెక్కే పాతరకం బల్బు పెట్టవద్దు, చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు. వైరు అతుకుల దగ్గర టేపు చుట్టి, పిల్లల చేతికి అందని ఎత్తులో కట్టండి. లోపల కొవ్వొత్తి అసలే వద్దు.

పశువులపాక అట్టపెట్టెతో చేశాం. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో సెయింట్ ఫ్రాన్సిస్ గారు నిజమైన ఎద్దును, గాడిదను తెచ్చి పాక కట్టించారని మా పాస్టరు గారు చెప్పినప్పటి నుంచి మా బాబుకు ఎద్దు కావాలి. గల్లీలో ఎద్దులు లేవు, మేకలున్నాయి. కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టితో పిల్లలు మేకలే చేశారు. మరియమ్మ కంటే మేక పెద్దదిగా వచ్చింది. అంతా ఎండాక పాప గోధుమ రంగు పెన్సిలు తీసుకుని అట్టగోడ మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఏమిటని అడిగితే, "మన ఇంటికి ఉంది గదా" అంది. మేము ఇద్దరం ఏమీ మాట్లాడలేకపోయాం. ఆ రాత్రి లూకా సువార్త రెండో అధ్యాయం చదువుతున్నప్పుడు సత్రములో చోటు లేదన్న దగ్గర గొంతు పట్టేసింది. ఎన్ని ఏళ్లుగా చదివామో, ఇంట్లో చోటు లేకపోవడం అంటే ఏమిటో మాకు అప్పుడే తెలిసింది.

మూడో పని అగ్గిపెట్టెలు. చాయ్ దుకాణం నుంచి ఖాళీ అగ్గిపెట్టెలు ఇరవై నాలుగు అడిగి తెచ్చుకున్నాం. ఒక్కోదాని మీద డిసెంబరు 1 నుంచి 24 వరకు అంకెలు వేసి దారానికి గుచ్చాం. ఒక్కోదాంట్లో ఒక చీటీ, చీటీలో చదవాల్సిన వాక్యభాగం, చేయాల్సిన ఒక పని. "నానమ్మ కాళ్లకు నూనె రాయాలి." "అమ్మ చెప్పకముందే గ్లాసులు కడగాలి." ఒకరోజు పాప తనంతట తానే రాసి పెట్టుకున్న చీటీ దొరికింది: "ఖాలా కుండ పగలగొట్టింది నేనే అని చెప్పాలి." కుండ పగిలిన సంగతి అప్పటిదాకా మాకు తెలియదు. సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయ్యాక గల్లీ కాస్త సద్దుమణుగుతుంది, అప్పుడే మా ప్రార్థన. పది నిమిషాలకు మించదు. ఒక పాట, నాలుగు వచనాలు, పిల్లల ప్రార్థన. బాబు ప్రార్థనలో నీళ్ల ట్యాంకరు తప్పకుండా ఉంటుంది. పెద్దలం అలసిపోయి ప్రార్థన మానేసిన రోజులు కూడా ఉన్నాయి. అలాంటి రోజు వాడు వచ్చి, "ట్యాంకరు రేపు రాదు" అని మమ్మల్ని భయపెడతాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 2022 డిసెంబరులో అరిసెలు చేస్తున్నాం. బియ్యం ఒకరోజు నానబెట్టి, తడి పిండి పట్టించి, బెల్లం పాకం ముదరనిచ్చి గిన్నె కింద దింపాం. పిల్లల పని నువ్వులు చల్లడం. నాలుగేళ్ల బాబు పాకం రుచి చూద్దామని చేయి చాచాడు, గిన్నె ఒరిగింది. ఎడమచేయి వెనుక భాగం, మణికట్టు మీద పాకం పడింది. పాకం నీళ్లలా జారిపోదు. మరిగే నీళ్లకంటే వేడిగా ఉండి చర్మానికి అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. వాడి అరుపు ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. నానమ్మ టూత్‌పేస్టు కోసం పరుగెత్తింది. మాలో ఒకరు ఐసు వెతికారు, ఒకరు ఏం చేయాలో తోచక నిలబడిపోయారు. గోడ అవతల నుంచి ఖాలా వచ్చి, "పానీ డాలో, పానీ!" అంటూ వాణ్ణి ఎత్తుకుని నల్లా దగ్గరికి తీసుకెళ్లింది. నల్లాలో నీళ్లు లేవు. డ్రమ్ములో నీళ్లు మగ్గుతో ముంచి పోస్తూనే ఉంది. చేతికున్న రబ్బరు బ్యాండు తీసేసింది. మేము ఇక చాలనుకున్నప్పుడు కూడా ఆపనివ్వలేదు. ఎప్పుడో ఆమె కొడుకు మీద వేడి చాయ్ పడినప్పుడు సిరా పోశారట. ఆ మచ్చ ఇంకా ఉందని, అప్పుడే డాక్టరు నీళ్ల సంగతి చెప్పారని తర్వాత చెప్పింది.

మన ఆస్పత్రికి తీసుకువస్తే డాక్టరు గారు చూసి, ఆ నీళ్లే చేతిని కాపాడాయన్నారు. రెండు బొబ్బలు వచ్చాయి. వాటిని చిదమకుండా కట్టు కట్టారు. ధనుర్వాతం టీకాలు సరిగ్గా పడ్డాయా అని కార్డు చూశారు. రెండు వారాల్లో మానింది.

ఆరోజు డాక్టరు గారు చెప్పినవి మీకూ చెబుతున్నాం. ఒళ్లు కాలగానే చల్లని, శుభ్రమైన నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలి. గడియారం చూసుకోండి, ఏడుస్తున్న బిడ్డతో రెండు నిమిషాలే ఇరవైలా అనిపిస్తుంది. వెంటనే పోయలేకపోయినా మూడు గంటల లోపు పోస్తే కొంత మేలు ఉంటుంది. కాలిన చోట మాత్రమే పోస్తూ, చిన్నపిల్లలకైతే మిగతా ఒంటికి దుప్పటి కప్పండి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడుతుంది. ఐసు పెట్టకూడదు, అది చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. టూత్‌పేస్టు, పసుపు, సిరా, నెయ్యి ఏదీ రాయవద్దు. అవి వేడిని లోపలే ఆపుతాయి, పుండు పట్టిస్తాయి, డాక్టరుకు గాయం కనిపించకుండా చేస్తాయి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీయండి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగవద్దు. తర్వాత ఉతికిన శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి తీసుకురండి. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, గాయం బిడ్డ అరచేయి కంటే పెద్దదైనా, కరెంటు వల్ల కాలినా, పసిబిడ్డ అయితే ఎంత చిన్న గాయమైనా ఇంటి వైద్యంతో ఆగకూడదు. 108కి ఫోను చేయండి.

అప్పటి నుంచి మా ఇంట్లో పిండివంటల రోజు పాకం, నూనె మూకుడు నేల మీద పెట్టం. ట్యాంకరు నీళ్ల మీద బతికే ఇళ్లలో నల్లాను నమ్ముకోలేము గనుక పొయ్యి వెలిగించక ముందే బకెట్టు నిండుగా ఉండాలి. పిల్లలకు గులాబీ పువ్వుల పిండి కలపడం వరకే, అచ్చు నూనెలో ముంచే పని మాది. కేకు కూడా కుక్కరులో ఉప్పు పోసి, విజిలు, గాస్కెట్ తీసేసి మేమే చేస్తాం. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు పంపే వాటిలో పల్లీలు, జీడిపప్పులు పొడి చేసి వేస్తాం, గొంతులో అడ్డం పడకుండా. నానమ్మకు సగం అరిసె, అది కూడా అన్నం తగ్గించుకుని. క్రిస్మస్ ఉదయం ఆరాధన ఆలస్యమవుతుందని షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా గుడికి వెళ్లే పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. చెమటలు, వణుకు పట్టి బల్ల మీదే ఒరిగిపోతారు. రెండు ఇడ్లీలు తిని రండి, ప్రభువు ఏమీ అనుకోడు.

అరిసెల్లో మొదటి డబ్బా ఖాలా ఇంటికే వెళుతుంది. రంజానుకు వాళ్ల షీర్‌ఖుర్మా మాకు వస్తుంది. గల్లీ పిల్లలు పాక చూడటానికి వచ్చి, మరియమ్మను చూసి "మర్యమ్, మర్యమ్" అంటారు. వాళ్ల ఖురానులో ఆ తల్లి పేరు మీద ఒక అధ్యాయమే ఉంది. "వాళ్లకెట్ల తెలుసు?" అని మా బాబు ఆశ్చర్యపోయాడు. "మేక ఎందుకంత పెద్దగుంది?" అని వాళ్లు ఆశ్చర్యపోయారు.

తర్వాత మా గోడలకు రంగు వేయించాం. నీళ్ల గీత పోయింది. పాకకు మాత్రం పాప ప్రతి ఏడూ పెన్సిలుతో గీస్తుంది. అగ్గిపెట్టెల్లో అరిసెల రోజు చీటీ ఇప్పుడు బాబే రాస్తాడు. అక్షరాలు వంకరగా ఉంటాయి: "బకెట్ నింపాలి. ఖాలాకి చెప్పాలి."